సీసా మీద నా నంబరు

మా ఆయన పోయిన తరువాత జిరాక్స్ షాపు నేనే నడిపించాను. మెదక్ బస్టాండు నుంచి చర్చి వైపు వెళ్ళే రోడ్డులో ఒక్క షటరు దుకాణం అది. అర్జీలు, పెళ్ళి పత్రికలు, చర్చివాళ్ళ పాటల కాగితాలు, ఆధార్ కాపీలు. పగలంతా మనుషులు వస్తూనే ఉండేవాళ్ళు, కానీ నాతో మాట్లాడటానికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. "రెండు దిక్కుల తియ్యి", "జర జల్ది", "చిల్లర లేదా?" ఇంతే. కాగితం నా చేతిలో ఉన్నంతసేపు వాళ్ళు రోడ్డు వైపు చూసేవాళ్ళు, లేదంటే ఫోను వైపు. మాకు పిల్లలు లేరు. అత్తగారి వైపు వాళ్ళు జహీరాబాదులో ఉంటారు. క్రిస్మస్‌కు ఫోన్ చేసి ఆరోగ్యం అడుగుతారు. సాయంత్రం ఇంటికి పోయి ఒక గ్లాసు బియ్యం పెట్టుకుని, టీవీ పెట్టి, దాన్ని చూడకుండా తినేదాన్ని.

మా షాపుకు నాలుగు దుకాణాల అవతల మసాలా దినుసుల సేటు ఉంటాడు. తాతల నాటి వ్యాపారం వాళ్ళది. మా ఆయనకు చిన్ననాటి దోస్తు. సమాధుల తోటలో అందరూ వెళ్ళిపోయాక కూడా మట్టి సర్దే దాకా నిలబడ్డది ఆయనే. నన్ను చెల్లె అని పిలుస్తాడు, నేను భాయ్ అంటాను. ఒకరోజు ఆయన ఖాళీ సీసా ఒకటి తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు.

"చెల్లె, దీనికి ఒక లేబుల్ చెయ్యాలె. మామిడికాయ తొక్కు. మారిషస్‌కు పోతది."

"మారిషస్ ఎక్కడుంది భాయ్?"

"సముద్రం నడుమ. మా అక్క మొగుడు ఆడనే ఉంటడు గద. మొదలు బట్టల దుకాణంల పని చేసిండు. ఇప్పుడు సొంతంగ వ్యాను పెట్టుకొని దుకాణాలకు సరుకు ఏస్తుండు. ఆడ తెలుగోళ్ళు మస్తుగున్నరంట. తొక్కు పంపు, నేను అమ్ముత అంటుండు."

లేబుల్ మీద ఏమేం ఉండాలో వాళ్ళ బావ వాట్సాప్‌లో పంపాడు. ఇంగ్లీషులో, ఫ్రెంచిలో దినుసుల పేర్లు, బరువు, దిగుమతి చేసుకునే ఆయన చిరునామా, ఎప్పటిలోగా తినాలన్నది. ఆవాలు పడనివాళ్ళు ఉంటారు కాబట్టి ఆవాలు అన్న మాట లావుపాటి అక్షరాల్లో ఉండాలట. అన్నీ కొట్టాను. అడుగున ఫిర్యాదులకు ఫోన్ నంబరు ఒకటి మిగిలింది.

"ఎవరిది ఎయ్యాలె భాయ్?"

"నాది ఏస్తే నాకు ఇంగ్లీష్ రాదు. మా బావది ఏస్తే ఆయన ఎప్పుడు సూడు డ్రైవింగ్‌ల ఉంటడు. నీది ఎయ్యి. నువ్వు మిషన్ బడిల సదివినవు. గంత దూరంకెళ్ళి ఎవలు చేస్తరు గని?"

నా నంబరే వేశాను. ఇంగ్లీషు పేరు కింద కొంచెం చోటు మిగిలితే, అక్కడ తెలుగులో మామిడికాయ తొక్కు అని చిన్న అక్షరాల్లో పెట్టాను. అవి ఎవరు చదువుతారని సేటు అడిగాడు. చదవకపోయినా అందంగా ఉంటుందన్నాను. ఆయన సీసాను కొంచెం దూరం పెట్టి చూసి, సరే ఉండనీ అన్నాడు.

హవేలిఘనపూర్ పోయే దారిలో ఒక షెడ్డు కిరాయికి తీసుకున్నాడు. టేక్మాల్ వైపు తోటల నుంచి కాయ వచ్చేది. ఆ ఎండాకాలం ఆదివారాలు చర్చి అయిపోయాక నేను కూడా అక్కడికి పోయేదాన్ని. నాకు అక్కడ పని లేదు. ఆడవాళ్ళు కాయలు తుడుస్తూ, కత్తిపీటల మీద కొడుతూ, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ ఉంటే ఒక మూల స్టూలు మీద కూర్చుని లేబుళ్ళు అతికించేదాన్ని. సీసాలు అట్టపెట్టెల్లోకి, పెట్టెలు లారీలోకి, అక్కడి నుంచి ఎవరెవరి సరుకుతోనో కలిసి ఓడలోకి. అవి చేరడానికి నెలకు పైనే పట్టింది.

చేరిన తరువాత వాళ్ళ బావ ఫోన్ చేస్తే సేటు నన్ను కూడా దుకాణానికి పిలిచి స్పీకర్ పెట్టేవాడు. ఆయన గొంతు వెనక ఎప్పుడూ గాలి చప్పుడు ఉండేది.

"గిది పెద్ద దేశం కాదు చెల్లె. పొద్దుగాల ఒక కొసకు పోతే పగటీలికి ఇంకో కొసల ఉంట. ఈడ ఇంటింటికి సొంత పచ్చడి ఉంటది. కూరగాయలకు ఆవపిండి, పసుపు పట్టించి చేసుకుంటరు. ఎర్ర మిరపకాయల ముద్ద నూరి బ్రెడ్డుకు రాసుకుంటరు. వాళ్ళకు కారం కొత్త గాదు, మన సీసా కొత్త. పెద్ద షాపులోళ్ళను బతిలాడి బతిలాడి కింది అరల పెట్టిచ్చిన. వంగితెనే కనపడ్తది."

అయినా కొందరు వంగారు. మొదటి ఫోను ఒక మగాయన చేశాడు. మూత రావడం లేదట. వేడినీళ్ళలో మూత వైపు ముంచి తిప్పమన్నాను. మళ్ళీ చేసి వచ్చిందని చెప్పాడు. ఇంకొకాయన సీసాలో సగం నూనే ఉందని కోపం చేశాడు. ఆ నూనె వల్లనే తొక్కు పాడు కాకుండా ఉంటుందని చెబితే కాసేపు ఆలోచించి, అట్లాగా అన్నాడు. ఒక అమ్మాయి జాములాగా బ్రెడ్డు మీద పూసుకుని తిన్నదట, ఏడుపు గొంతుతో ఏం చేయాలని అడిగింది. నీళ్ళు తాగొద్దు, పెరుగు తినమన్నాను. ఆమె పెరుగు తింటున్నంతసేపు నేను ఫోన్ పెట్టలేదు.

వాళ్ళ ఇంగ్లీషు వేరు, నా ఇంగ్లీషు వేరు. ఒక్కో మాటను రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చేది. ఆ కాల్స్ కోసం నేను ఎదురుచూస్తున్నానని తెలియడానికి నాకు కొన్ని వారాలు పట్టింది. ఫోనును సొరుగులో పెట్టే అలవాటు పోయి టేబుల్ మీద, ముఖం పైకి ఉండేట్టు పెట్టడం మొదలుపెట్టాను.

ఒక మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేని వేళ, ఫోన్ మోగింది. ఒక ముసలి గొంతు "అమ్మా" అంది. తెలుగే. నేను "చెప్పుండ్రి" అన్నాను. అవతల ఆమె తడబడి ఇంగ్లీషులోకి మారింది.

"సీసా మీద ఉన్న అక్షరాలు నువ్వే రాశావా?"

"కంప్యూటర్‌లో కొట్టానండి."

"మా రామభజన పుస్తకంలో ఇట్లాంటి అక్షరాలే ఉంటాయి. అందుకే గుర్తుపట్టాను. నాకు చదవడం రాదు." అంతవరకూ ఇంగ్లీషు. ఆ తరువాత మళ్ళీ తెలుగు మాట ఒకటి. "ఏటి రాశావు?"

మా వైపు ఏటి అని ఎవరూ అనరు. ఏంది అంటాం. అది తెలుగేనని పోల్చుకోవడానికి నాకు ఒక క్షణం పట్టింది. మామిడికాయ తొక్కు అని చదివి వినిపించాను. మామిడికాయ అన్నది ఆమెకు తెలిసింది. తొక్కు తెలియలేదు. వాళ్ళ నానమ్మ పచ్చడి అనేదట. ఆ నానమ్మ చిన్నపిల్లగా ఓడలో వచ్చింది, చెరకు తోటల్లో పనికి, అమ్మానాన్నల వెంట. ఎక్కడి నుంచి అంటే సముద్రం పక్క ఊరు అని మాత్రమే తెలుసు. ఊరి పేరు నానమ్మతోనే పోయింది.

"మా దగ్గర దీన్నే తొక్కు అంటాం" అన్నాను.

"తొక్కు" అని ఆమె రెండు మూడుసార్లు అనుకుంది. బాగాలేదంది. పచ్చడే బాగుందంది. నాకు నవ్వు వచ్చింది. షాపులో నేను నవ్వి చాలా రోజులయింది.

ఆమె కూడా ఒంటరిదే. భర్త పోయాడు, కొడుకు పోయాడు. చల్లగా ఉండే ఎత్తు ఊళ్ళో ఒక చిన్న ఇల్లు, వెనక లిచీ చెట్టు. వారానికొకసారి బస్సులో పెద్ద షాపుకు వెళ్ళి వస్తుంది, వచ్చిన రోజు నాకు ఫోన్ చేస్తుంది. మొదట్లో తొక్కు గురించే మాట్లాడేది. తరువాత ఆ వంక కూడా పోయింది. ఏం వండావని అడిగేది. నేను చెప్పేదాన్ని. ఆమెకు వచ్చిన తెలుగు మాటలు ఒక్కొక్కటే బయటికి తీసి నాతో సరిచూసుకునేది. అన్నం, ఉప్పు, నీలు. నీలు కాదు నీళ్ళు అని నేను, మా నానమ్మ నీలనే అనేది అని ఆమె. నేను ఒప్పుకునేదాన్ని.

ఒకసారి నన్ను రామభజన పాడమంది.

"మేము చర్చికి పోతామండి. నాకు రాదు."

కోపం వచ్చిందేమో అనుకున్నాను.

"మీ పాటలు ఏ భాషలో ఉంటాయి?"

"తెలుగులోనే."

"అయితే అదే పాడు."

నేను పాటల బృందంలో ఎప్పుడూ లేను. జిరాక్స్ మిషను వెనక్కి పోయి, గోడ వైపు తిరిగి, ఆదివారం పాడే పాట ఒక చరణం పాడాను. అయిపోయాక "బాగుంది గుంటా" అంది.

ఆ మాట ఏమిటో నాకు తెలియలేదు, ఆమెను అడగలేదు. బ్యాంకులో కొత్తగా వచ్చిన ఆఫీసరు ఒకాయనది శ్రీకాకుళం అని తెలిసి, ఆయన కాపీలకు వచ్చినప్పుడు అడిగాను. "చిన్నపిల్లని గుంట అంటామండి మా వైపు. ఎవరన్నారు మిమ్మల్ని?" అని నవ్వాడు. ఎవరో ఒకావిడ అని చెప్పాను. నాకప్పుడు యాభై దగ్గర పడుతున్నాయి. నన్ను చిన్నపిల్ల అనే వయసున్న వాళ్ళెవరూ నా వైపు మిగల్లేదు. ఆ సాయంత్రం ఇంట్లో ఆ మాట ఒకటికి రెండుసార్లు పైకి అనుకున్నాను.

మూడో ఏడు సరుకు పోయాక వ్యాపారం తేడా కొట్టింది. ఒకరోజు సేటు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. టీ చెప్పనా అంటే వద్దన్నాడు.

"తొక్కు బంద్ చేస్తున్న చెల్లె."

"ఏమైంది భాయ్?"

"ఏం గాలే. గదే ముచ్చట. ఆ పెద్ద షాపులోళ్ళు బొంబాయి కంపెనీ సీసాలు తెచ్చి మన జాగల పెట్టిండ్రు. వాళ్ళది రేటు తక్కువ, సీసా పెద్దది. చిన్న దుకాణాలళ్ళ మనది పోతది గని, నెలకు గిన్నంటె గిన్ని. చిన్న దేశమాయె. కొనేటోళ్ళు గా కొద్దిమందే, ఉన్నోళ్ళనే అందరం పంచుకోవాలె. మా బావ మస్తు పరేషాన్ అయితుండు. ఇగ కెచప్పు, సోయా సాసు తెప్పిచ్చుకొని అమ్ముకుంటడంట. అవి ఇంకో దేశంకెళ్ళి వస్తయి. మనతోని పని లేదు."

షెడ్డు ఖాళీ చేశారు. మిగిలిన సీసాలు ఊళ్ళోనే అమ్మారు. ఇక్కడ ఎవరి తొక్కు వాళ్ళింట్లో ఉంటుంది, అవి కూడా నెమ్మదిగానే కదిలాయి. సేటు మళ్ళీ ధనియాలూ మిరపకాయల మధ్య కూర్చున్నాడు. ఆయనకు ఇది నష్టం, అంతే. నాకు ఏం పోయిందో ఆయనకు చెప్పలేకపోయాను. చెబితే నవ్వేవాడు కాదు, కానీ పాపం అనుకునేవాడు. అది నాకు ఇష్టం లేదు.

ఆమెకు నేనే చెప్పాను. ఇక ఆ సీసా రాదండి అన్నాను. ఆమె అడిగింది. "సీసా రాకపోతే నంబరు కూడా ఉండదా?"

"నంబరు నాదే. ఉంటుంది."

"అయితే ఎలా చేయాలో చెప్పు. నేనే చేసుకుంటాను."

మనకు ఎండాకాలంలో వచ్చే కాయ, మనకు చలి మొదలయ్యే వేళ వాళ్ళకు వస్తుంది. అప్పటిదాకా ఆగాం. డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఆమె కాయలు ముందు పెట్టుకుని, ఇంటి ల్యాండ్‌లైన్‌కు స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది. షాపుకు అది గిరాకీ రోజు. క్రిస్మస్ కార్యక్రమాల కాగితాలు కుప్పగా ఉన్నాయి. నేను షటరు సగం దించి కూర్చున్నాను.

"తడి లేకుండా తుడిచారా?"

"తుడిచాను."

"కోయండి."

కత్తి చప్పుడు వినపడింది, ఆగింది. టెంక తెగడం లేదట. ఆమె చేతుల్లో అంత బలం లేదు. టెంక వదిలేసి చుట్టూ కోయమన్నాను. అట్లా చేస్తే తొక్కు కాదు కదా అంది. ఏం పరవాలేదన్నాను. ఆవాలు రాతి మీద నూరింది. ఆ రాయి చప్పుడు అచ్చం మా అమ్మ సన్నికల్లు చప్పుడులాగే ఉంది. నేను ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను. బయట ఎవరో షటరు తట్టి "అక్కా, జిరాక్స్" అన్నారు. "ఇప్పుడు గాదు, జర ఆగి రాండ్రి" అన్నాను. "ఏటి?" అని ఆమె అడిగింది. మీరు కాదు, మీరు నూరండి అన్నాను.

ఉప్పు, కారం, ఆవపిండి, మెంతిపిండి కొంచెం, వెల్లుల్లి, నూనె. కొలత అడిగితే కప్పుల్లో చెప్పాను. కలిపి జాడీకి ఎత్తేసరికి ఆమెకు ఆయాసం వచ్చింది. మూడో రోజు కలిపి రుచి చూసి ఉప్పెక్కువైందంది. ముక్క ఊరితే సర్దుకుంటుందన్నాను. తరువాతి వారం ఫోన్ చేసి సర్దుకుందని చెప్పింది. అన్నంలో కలుపుకుని తిన్నదట, రెండు పూటలా.

"కానీ ఇది మా నానమ్మది కాదు" అంది.

"అది ఎట్లా ఉండేది?"

"గుర్తు లేదు. ఇది కాదని మాత్రం తెలుస్తోంది."

ఆ మాట తరువాత కూడా ఫోన్ పెట్టేయాలని ఇద్దరికీ అనిపించలేదు.

జనవరి దాటాక ఫోన్ రావడం ఆగింది. ఒక వారం చూశాను, ఇంకొక వారం చూశాను. నేను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. ఆమె ఇంట్లో ఆ ల్యాండ్‌లైన్ ఎక్కడ ఉంటుందో, దాని మీద బట్ట కప్పి ఉంటుందో లేదో, ఆ గదిలోకి ఎండ వస్తుందో లేదో నాకు తెలియదు. అయినా మోగుతున్నంతసేపు ఆ గది నాకు కనిపించేది. చివరికి సేటు దగ్గరికి పోయి చెప్పాను. ఆమె గురించి ఆయనకు చెప్పడం అదే మొదలు.

"గిన్ని దినాలు నాకెందుకు చెప్పలే?" అన్నాడు.

"చెప్పేదేముంది భాయ్. ఒక గిరాకి."

ఆయన నా ముఖం చూసి అక్కడికక్కడే వాళ్ళ బావకు ఫోన్ కలిపాడు. ఆమె చెప్పిన గుర్తులు, ఎత్తు ఊరు, రామమందిరం, ఇంటి వెనక లిచీ చెట్టు, అన్నీ చెప్పాను. వాళ్ళ బావ ఆ వైపు సరుకు వేయడానికి పోయినప్పుడు వెతికాడు. ఇంటికి తాళం ఉంది. బాత్రూములో జారిపడి తుంటి విరిగిందని, తమ్ముడి కూతురు వచ్చి దక్షిణం వైపు సముద్రం పక్క ఊరికి తీసుకుపోయిందని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆయన ఆ ఊరు కూడా పోయాడు. తన పని మానుకుని పోయాడని సేటు తరువాత చెప్పాడు.

అక్కడి నుంచి వీడియో కాల్ చేశాడు. "మాట్లాడు చెల్లె, ఈమెనే" అని ఫోన్ తిప్పాడు.

మంచం మీద సన్నగా, నల్లగా, తెల్లటి జుట్టు కత్తిరించుకున్న ఒకావిడ దిండుకు ఆనుకుని ఉంది. నేను అనుకున్న మనిషి కాదు. నేను ఎప్పుడూ చీరలో, ముడితో ఊహించుకున్నాను. ఈమె పూల గౌనులో ఉంది. ఆమె కూడా నన్నే చూస్తోంది. నా వెనక జిరాక్స్ మిషనును, గోడ మీద క్యాలెండరును చూసింది. ఇన్నాళ్ళూ వారం వారం గంటలు మాట్లాడుకున్నవాళ్ళం, ముఖాలు కనపడేసరికి పరాయివాళ్ళం అయిపోయాం. నేను బాగున్నారా అన్నాను. ఆమె తల ఊపింది.

తరువాత ఆమె ఫోనును దుప్పటి మీద వెల్లకిలా పెట్టేసింది. నాకు పైకప్పు, తిరుగుతున్న ఫ్యాను కనిపించాయి. అప్పుడు ఆమె గొంతు వచ్చింది.

"నువ్వు లావుగా ఉంటావనుకున్నాను గుంటా."

"ఉండేదాన్ని. తగ్గాను."

"ఏటి వండావు?"

నేను కూడా నా ఫోనును టేబుల్ మీద పెట్టేసి, పాలకూర పప్పు అని చెప్పాను. అట్లా పైకప్పులు ఒకదాన్నొకటి చూస్తుండగా మేము ఎప్పటిలాగే మాట్లాడుకున్నాం. జాడీ ఆ ఇంట్లోనే ఉండిపోయిందని, వంటింట్లో పై అరలో ఉందని, ఎవరూ తేలేదని చెప్పింది. తెమ్మని అడగండి అన్నాను. అడిగానంది. వీళ్ళు కారం తినరట. తమ్ముడి కూతురు వచ్చి ఏదో అనడంతో మాట ఆగింది. వాళ్ళ బావ ఫోన్ తీసుకుని, ఇక ఉంటానన్నాడు.

ఆమెకు ఇప్పుడు సొంత ఫోను లేదు. వాళ్ళ బావ ఆ వైపు పోతే కలుపుతాడు. ఆ ఊరు ఆయన దారిలో లేదు, కాబట్టి ఎప్పుడో ఒకసారి. ఈమధ్య కలిపినప్పుడు ఆమె ఇంగ్లీషు తగ్గిపోయింది, తెలుగు మాటలు ఇంకా తగ్గాయి. అక్కడ అందరూ మాట్లాడే క్రియోల్‌లోనే ఆగకుండా చాలాసేపు చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఊ కొడుతూ విన్నాను. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ "ఔనా?" అన్నాను. ఆ గొంతు మాత్రం అలసిపోలేదు, ఏదో ముఖ్యమైన సంగతే చెబుతోంది.

ఫోన్ పెట్టేసరికి కౌంటరు దగ్గర ఒక పెద్దాయన పాసు పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో.

"చుట్టాలా బిడ్డా?" అన్నాడు.

"ఔ" అన్నాను.

"మంచిగున్నరా?"

"ఏమో పెద్దయ్యా" అన్నాను. ఆయన పాసు పుస్తకం ఇచ్చాడు. తీసుకుని మిషను మూత ఎత్తాను.